సోమవారం కార్డులు

జూన్ 4

పిన్నీ,

నీ ఉత్తరం నిన్న అందింది. కవరు ఈసారి కూడా చింపి, మళ్ళీ టేపుతో అతికించారు. తూటాలు పెట్టి కొండ పేల్చే మీ రాళ్ళ క్వారీలో సెల్‌ఫోను మోగితే ప్రమాదమని అందరి ఫోన్లూ కొండ కింద గేటు దగ్గరే లాక్కుంటారంటే ఒప్పుకుంటాను. ఉత్తరాలేం పేలుతాయని విప్పి చూస్తారు? మీ గేటు సెక్యూరిటీ ఆయనకు నా జలుబు సంగతి మా అమ్మకంటే ముందే తెలుస్తోంది. అయ్యా, చదువుతున్నారుగా, నమస్కారం.

నా ఉద్యోగం బాగానే ఉంది. బాగానే అంటే, ఇంకో ఏడాది పొడిగిస్తారో లేదో ఆగస్టు నెలాఖరుకు చెప్తారు. నర్సింగ్ పిల్లలు అరవై మంది, వాళ్ళకి మందుల లెక్కలు నేర్పాలి. నోటీసు బోర్డుకి కాగితం గుచ్చితే ఆ గుండుసూదికి గొడుగు తగిలించి పోతారు. క్లాసులో చెబితే బల్ల కింద ఫోను చూసుకుంటారు. సరే, వాళ్ళు చూసే చోటికే నేను వెళ్తే పోలా అని వాళ్ళ ఫోనులోనే ఒక పేజీ తెరిచాను. ప్రతి సోమవారం పొద్దున ఎనిమిదింటికి అందులో నా చేత్తో రాసి, బొమ్మ గీసిన కార్డు ఒకటి పెడతాను. బుధవారం దాకా పిల్లలు దాని కింద జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. బుధవారం సాయంత్రం నేను తీర్పు చెప్తాను. ఎందుకు కొట్టుకుంటారో మాత్రం అడగకు. అది మా క్లాసు రహస్యం. వచ్చే ఏడు పిల్లలకు తెలిస్తే ఆట చెడిపోతుందని ఎవరికీ చెప్పనని ఒట్టేయించుకున్నారు.

ఒకటే బెంగ. మొన్నటిదాకా ఆ పేజీ మా క్లాసుకే పరిమితం. ఇప్పుడు మా హెడ్డుగారు అందరికీ తెరవమన్నారు. యూనివర్సిటీకి పేరొస్తుందట. లైకులు లెక్కపెట్టి నెలనెలా రిపోర్టులో రాస్తున్నారు. నాకెందుకో మనసొప్పట్లేదు. అవి బయటివాళ్ళ కోసం చేసినవి కావు. నువ్వు కూడా గొప్పకి పోయి మీ వాళ్ళెవరికీ చెప్పకు, చూపించకు.

ఆ దుమ్ములో ముక్కుకి గుడ్డ కట్టుకుంటున్నావా, లేదా?

నీ పిడుగు

జూన్ 13

పిడుగూ,

గుడ్డ కట్టుకుంటున్నాను. కట్టుకుని మాట్లాడితే పేషెంట్లకు వినపడదు, విప్పి మాట్లాడితే నాకు దగ్గు. ఏం చెయ్యమంటావు?

ఇక్కడంతా మామూలే. రెండు గదుల డిస్పెన్సరీ, ఒక మంచం, ఒక సెలైను స్టాండు, నా నడుముకి మందుల బీరువా తాళాలు. మధ్యాహ్నం పన్నెండింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి కొండ పేలుతుంది. పేలినప్పుడల్లా బీరువాలో సీసాలు గలగలమంటాయి. మూడు నెలల కింద ఒక రెండో నర్సుని పంపారని చెప్పానుగా, నలభై దాటిన మనిషే. నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ, ఆ కళ్ళు అన్నీ చూస్తాయి. నేను మందు కొలుస్తుంటే వెనక నిలబడి చూస్తుంది. ఒళ్ళు మండుతుంది.

నీ పేజీ ఎవరికీ చూపించొద్దన్నావు, సరే. నేనెవరికి చూపిస్తాను? ఇక్కడ ఉన్నది రాళ్ళూ, ఆ రాళ్ళు కొట్టేవాళ్ళూను.

ఒక మాట రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా కళ్ళు మూసుకుని చెప్పే లెక్కలు రెండు ఈ మధ్య తప్పని తేలాయి. ఒకటైతే పరధ్యానం అనుకోవచ్చు. రెండయ్యాయి. మీ అమ్మకు చెప్పకు, ఏడుపు మొదలుపెడుతుంది. నువ్వయినా దీన్ని పెద్దది చెయ్యకు.

పిన్ని

జూన్ 24

పిన్నీ,

పెద్దది చెయ్యను. కానీ ఒంటిచేత్తో అన్నేళ్ళు లాగావు, అలసిపోవా? రెండు లెక్కలు తప్పితే కొంపలేం మునగవు. నాకయితే రోజుకి నాలుగు తప్పుతాయి. నా మాట విని ఈ ఏడుతో మానేసి నా దగ్గరికి వచ్చెయ్. ముందు గదిలో నీకు మంచం వేస్తాను. బీరువా తాళాలు ఇంకెవరైనా మోస్తారు.

నా సంగతి చెప్తాను. మొన్న జలుబు మందు కోసం వీధి చివర మందుల కొట్టుకి వెళ్ళాను. కౌంటరు వెనక గోడకి నా కార్డు అంటించి ఉంది పిన్నీ! నా అక్షరాలు, నేను గీసిన బొమ్మ, కింద మా యూనివర్సిటీ గుర్తు. కొట్టాయన దానికేసి వేలు చూపిస్తూ, చంకలో బిడ్డనెత్తుకున్న ఒకామెకు మందు ఎంత పొయ్యాలో చెప్తున్నాడు. నేను ఏం చేశానో నాకే తెలీదు. కౌంటరు పక్కనుంచి లోపలికి దూరి ఆ కార్డు పీకేశాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. "ఏమ్మా, అది యూనివర్సిటీ వాళ్ళు రాసింది, నీకేం తెలుసని చింపుతున్నావు?" అని అందరి ముందూ కేకలేశాడు. ఆ రాసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. ఆ బిడ్డ తల్లికి మాత్రం, సీసా మీద రాసిందే పొయ్యమ్మా, గోడ మీద రాసింది కాదు, అని చెప్పి వచ్చేశాను. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

ఆ కార్డు అక్కడ ఎందుకు ఉండకూడదో కలిసినప్పుడు చెప్తాను. ఈ ఉత్తరం నీకంటే ముందు ఇంకొకరు చదువుతారు కదా. ఎక్కడెక్కడి గోడల మీద ఇంకెన్ని ఉన్నాయో ఏమో.

పిడుగు

జూలై 6

పిడుగూ,

నీ కార్డు ఎవడో ఎత్తుకుపోయి గోడకి అంటించుకుంటే అంత బెదిరిపోతావేమే? మంచి మాట పదిమందికీ అందితే తప్పేముంది? నీ పేరు వెయ్యలేదని కోపమా? చిన్నప్పుడు నీ బొమ్మల పుస్తకం ఎవరైనా ముట్టుకుంటే ఊరు ఏకం చేసేదానివి. ఆ బుద్ధి ఇంకా పోలేదన్నమాట. నువ్వు రాసింది చూసి ఎక్కడో ఒక పిల్లకి జ్వరం తగ్గితే సంతోషించాలి గానీ, వెళ్ళి చింపుతారా ఎవరైనా?

మానేసి వచ్చెయ్యమన్నావు. నువ్వు కూడా అదే అన్నావంటే ఇంక దాచుకోవడానికేం లేదు. రెండు కాదే, ఇప్పుడు నాలుగయ్యాయి. క్వార్టర్సులో పిల్లలకి విరేచనాలు పట్టుకుంటే ఉప్పూ చక్కెరా నీళ్ళు కలిపాను. నా తలలో ఉన్న లెక్క వేరు, కాగితం మీద ఉన్న లెక్క వేరు. ఈ తల మీద నాకు నమ్మకం పోయింది కాబట్టి కాగితం ప్రకారమే కలిపాను. ఇచ్చేముందు అలవాటు కొద్దీ నాలుక మీద వేసుకున్నాను. కన్నీళ్ళ కంటే ఉప్పగా ఉండకూడదని మాకు నేర్పారు. నోట్లో పెట్టుకోలేకపోయాను. పారబోసి పాత లెక్కనే కలిపి ఇచ్చాను. ఇచ్చాక కూర్చుని ఏడ్చాను, ఇప్పుడు నాలుక కూడా చెడిపోయిందా అని.

రెండో నర్సు ఏమీ అనదు, చూస్తుంది. అదే భయం. రాళ్ళు నలగ్గొట్టే క్రషర్ దగ్గర పనిచేసే ఆపరేటరు ఒకతనికి మూర్ఛ ఉంది. నెలకోసారైనా నలుగురు మోసుకొస్తారు. మంచం మీద అతను కొట్టుకుంటుంటే, సూది నా చేతిలో ఉన్నప్పుడు, ఏది గుర్తొస్తుంది, ఏది రాదు? రాజీనామా కాగితం రాసి మేనేజరుకిచ్చాను. నెలాఖరున తాళాలు ఆవిడకి అప్పజెప్తాను.

పిన్ని

జూలై 15

పిన్నీ,

నీ ఉత్తరం చదివి ఒక నిమిషం కూడా కూర్చోలేకపోయాను. నిన్ను ఎవరో కావాలని బెదరగొడుతున్నారు. ఆ రెండో నర్సేనని నా అనుమానం. వెనక నిలబడి చూడటం, నోరు విప్పకపోవడం, ఇప్పుడు తాళాలు ఆవిడ చేతికే వెళ్ళడం. బీరువాలో కాగితాలు ఎవరు మార్చారు? ఉప్పు నీళ్ళ లెక్క తప్పుగా ఎవరు రాసి పెట్టారు? నీ నాలుకకు ఏ రోగమూ లేదు. నువ్వు పారబోశావు చూడు, అదీ నర్సంటే.

నేను నిన్ను మానెయ్యమన్నది అలసటకి. మతిమరుపు వచ్చిందని కాదు. ఆ మాట నా నోట ఎప్పుడొచ్చింది?

ఒక పని చెయ్. ఏమేం మరిచిపోయాననుకుంటున్నావో ఒక్కొక్కటీ రాసి పంపు. నీ తలలో ఏముంది, ఆ కాగితంలో ఏముంది, రెండూ రాయి. ఒక్కటీ దాచకు. ఇది నీ అక్క కూతురిగా అడగట్లేదు, పాఠం చెప్పేదానిగా అడుగుతున్నాను.

పిడుగు

జూలై 24

పిడుగూ,

ఆవిడ పాపం పుణ్యం ఎరగదు. ఆ కాగితాలు బీరువాలోవి కావు, నీవే.

నువ్వు చూపించొద్దని రాసేసరికే మా స్టోరు గుమాస్తా నీ పేజీ పట్టేశాడు. తప్పు నాదే, మా అమ్మాయి యూనివర్సిటీలో పాఠాలు చెప్తుందని నేనే ఊదరగొట్టాను. శనివారం సరుకులకి కొండ దిగినప్పుడు గేటు దగ్గర తన ఫోను తీసుకుంటాడు. నీ కార్డు కనిపిస్తే ఊళ్ళో ప్రింటు తీయించి తెస్తాడు. కింద జనం రాసే చెత్తంతా ఎందుకని బొమ్మ ఒక్కటే తీయిస్తాడు. నువ్వు వద్దన్నాక కూడా తీసుకుంటూనే ఉన్నాను. దొంగతనంగా చదువుకుంటున్నాను కాబట్టి నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు. నీ చేతి అక్షరాలు చూస్తుంటే నువ్వు పక్కనున్నట్టు ఉండేది. తర్వాత్తర్వాత వాటిని చూస్తేనే భయం వేసింది. ఏ కార్డు తెచ్చినా నాకు తెలిసినదానికీ, నువ్వు రాసినదానికీ ఎక్కడో ఒకచోట తేడా. ఇప్పుడు చదువుతున్నదానివి నువ్వు. నువ్వు తప్పు రాస్తావా?

అడిగావు కాబట్టి రాస్తున్నాను. ఐదు వందల సెలైను నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి నలభై రెండు చుక్కలని నా లెక్క. నీ కార్డులో ఇరవై ఒకటి. నీ లెక్క ప్రకారమే ఒకతనికి పెట్టాను, పొద్దుగూకే దాకా నోరు ఎండిపోతూనే ఉంది అతనికి. పది కేజీల బిడ్డకి జ్వరం మందు నూట యాభై మిల్లీగ్రాములు అనుకునేదాన్ని, నువ్వు రెండు వందల యాభై అని రాశావు. బీపీ చూసేటప్పుడు చెయ్యి గుండెకి సమానంగా ఉంచాలని నేను, కిందికి వేలాడాలని నువ్వు. లీటరు నీళ్ళకి అర చెంచా ఉప్పని నేను, రెండు చెంచాలని నువ్వు. రెండు రకాల ఇన్సులిన్ ఒకే సిరంజిలోకి తీసేటప్పుడు ముందు తేటది తియ్యాలని నాకు గుర్తు, నువ్వు ముందు మబ్బుగా ఉన్నది తియ్యమన్నావు.

ఆరోది పోయిన వారం వచ్చింది. మూర్ఛకి నరంలో ఇచ్చే ఇంజెక్షను. రెండు నిమిషాల్లో ఇచ్చెయ్యాలని నాకు బాగా గుర్తు. నీ కార్డులో ఇరవై నిమిషాలు పట్టాలని ఉంది. ఆ క్రషర్ ఆపరేటరుకి పోయిన ఏడంతా నేను ఎలా ఇచ్చానో తలచుకుంటే గుర్తు రావడం లేదు. ఎంత తలచుకున్నా రావడం లేదే.

చూశావుగా. ఇంక పాఠం చెప్పేదానిగానే చెప్పు, నాకేమైంది?

పిన్ని

జూలై 30

పిన్నీ, మా బంగారు పిన్నీ,

నీకేమీ కాలేదు! మొదటి రెండు చదవగానే సంగతి అర్థమైంది. ఐదోది చదివేసరికి గట్టిగా ఏడ్చేశాను. పక్కింటావిడ తలుపు కొట్టింది.

విను. గేటు దగ్గర ఎవరు చదివినా చదవనీ. ప్రతి సోమవారం నేను పెట్టే కార్డులో ఒక తప్పు ఉంటుంది. కావాలని పెడతాను. పిల్లలు దాన్ని పట్టుకోవాలి, బుధవారం కింద కామెంట్లలో అసలుది చెప్తాను. మా క్లాసు రహస్యం ఇదే. ఒప్పయినది వంద సార్లు చెప్పినా బుర్రకెక్కదు గానీ, టీచరు తప్పు పట్టుకోమంటే రాత్రంతా పుస్తకాలు తిరగేస్తారు. మీ గుమాస్తా బొమ్మ తెచ్చాడు, కింద ఉన్న తీర్పు వదిలేశాడు. నీ నలభై రెండు చుక్కలే నిజం. నీ అర చెంచా ఉప్పే నిజం. అరవై మందిలో ఇప్పటిదాకా వరసగా అన్నీ పట్టుకున్నవాళ్ళు ఒక్కరు లేరు. నువ్వు పట్టుకున్నావు, ఎవరూ పట్టుకోమని చెప్పకుండానే. ఆరూ నావే పిన్నీ, ఆరుకి ఆరూ నేను పెట్టిన తప్పులే. నీ తలకాయ నిక్షేపంలా ఉంది.

మందుల కొట్టు సంగతి జరిగాక కార్డు మీద ఎర్ర పట్టీ వేసి, ఇందులో ఒక తప్పుంది అని రాశాను. రెండే వారాలు, ఆ రెండు కార్డులూ మీ గుమాస్తా కంట పడనట్టున్నాయి. ఆ పట్టీ ఉంటే ఎవరూ షేర్ చెయ్యడం లేదని హెడ్డుగారు తీసెయ్యమన్నారు. ఆగస్టులో కాంట్రాక్టు ఆయన చేతుల్లో ఉంది కదా, తీసేశాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఇందాకే పేజీ మొత్తం మూసేశాను, ఏమైనా అననీ. కానీ ప్రింటు తీసి గోడలకి అంటించినవి ఎలా మూస్తాను?

నీ దగ్గరున్న కార్డులన్నీ ఇప్పుడే పొయ్యిలో పెట్టు. రాజీనామా వెనక్కి తీసుకో. పోస్టు డబ్బా తీసే టైమయింది, ఇంక రాయను.

నీ పిడుగు

ఆగస్టు 6

ఒసేయ్ రాక్షసీ,

నీ వీపు మీద నాలుగు తగిలించాలని ఉంది, దగ్గర లేవు. ఎవరైనా పాఠం ఇలా చెప్తారటే? రెండు నెలలు బతికుండగానే నన్ను చంపేశావు. ఉత్తరం మూడుసార్లు చదివాను. చదివి మొహం కడుక్కుని, నేరుగా మేనేజరు దగ్గరికి వెళ్ళి రాజీనామా కాగితం అడిగి పుచ్చుకున్నాను. నెలాఖరున ఆవిడకి అప్పజెప్పిన తాళాలు కూడా తిరిగి తీసుకున్నాను. ఆయన నవ్వి ఇంకో రెండేళ్ళు ఉండమన్నాడు. ఉంటానన్నాను. కార్డులు కాల్చేశాను. గుమాస్తా మొహం చూడాలి, అంత రంగుల కాగితాలు కాల్చడానికి మనసెలా ఒప్పిందమ్మా అంటాడు.

ఆకలి వేస్తోందే నాకు. ఎన్నాళ్ళయిందో.

రెండో నర్సు మాత్రం ఒక పేచీ పెట్టింది. ఆవిడ నోరు విప్పడమే వింత. మూర్ఛ ఇంజెక్షను ఇరవై నిమిషాలు పట్టాల్సిందే, తొందరపడితే గుండె ఆగిపోతుంది అంటుంది. పేషెంటు ముందే అంది. ఆవిడ కూడా ఎక్కడో నీ కార్డు చూసి ఉంటుంది. నీ ఉత్తరం తీసి ఆవిడ చేతికిచ్చాను, ఆరూ నావే అని రాసిన చోట గోరుతో గీత పెట్టి మరీ. చదివి తిరిగి ఇచ్చేసింది. ఏం మాట్లాడుతుంది? యూనివర్సిటీ చెప్పాక.

వానలు పట్టుకున్నాయి. రోడ్డు ఎప్పుడు తెగుతుందో తెలీదు కాబట్టి ఈ ఉత్తరం ఇవాళే లారీకిస్తున్నాను.

రెండేళ్ళు గ్యారంటీ ఉన్న
పిన్ని

ఆగస్టు 12, పొద్దున పదిన్నర, మీ గేటు దగ్గర

పిన్నీ, ముందు ఇది చదువు, మిగతాది తర్వాత.

మూర్ఛ ఇంజెక్షను ఇరవై నిమిషాలే. రెండు నిమిషాలు కాదు. ఆవిడ చెప్పింది నిజం. మెల్లగా ఎక్కించకపోతే గుండె ఆగిపోతుంది.

ఆరో కార్డులో నేను పెట్టిన తప్పు అది కాదు. గ్లూకోజులో కలపమని రాశాను, అది తప్పు, సెలైనులో కలపాలి. నువ్వు దాన్ని పట్టుకోలేదు, ఇరవై నిమిషాల దగ్గర ఆగిపోయావు. నీ ఉత్తరంలో ఐదు చూడగానే ఆరోది కూడా నాదే అనుకున్నాను. అనుకోలేదు పిన్నీ, అలా అయితే బాగుండునని కోరుకున్నాను. కార్డు తెరిచి చూడటానికి ఒక్క నిమిషం పట్టేది. నాది కాదని తేలితే నీకేమయిందో ఒప్పుకోవాలి. ఆ భయంతో తెరవలేదు. తెరవకుండానే ఆరూ నావే అని రాసి డబ్బాలో వేశాను.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ పెట్టిన పేచీ చదివాకే కార్డు తెరిచాను. మీ ఆఫీసు లాండ్‌లైనుకి ఫోను చేశాను, మోగుతూనే ఉంది, ఎవరూ తియ్యలేదు. తర్వాత మోగడం కూడా మానేసింది. తెల్లారి మొదటి బస్సు ఎక్కాను. ఇక్కడ రోడ్డు సగం తెగింది, మనుషుల్ని పంపడం లేదు. పన్నెండింటి పేలుడు అయ్యేదాకా గేటు తెరవరట. ఒక లారీని మాత్రం పైకి వదులుతున్నారు. డ్రైవరు చేతికి ఈ చీటీ ఇస్తున్నాను. సెక్యూరిటీ ఆయన విప్పి చదివాడు. చదివి, లారీ ముందు అడ్డు కర్ర తనే ఎత్తాడు.

అతనికి మూర్ఛ రాలేదని రాయి. వస్తే ఆవిడని ఇవ్వమను. తాళాలు ఆవిడకివ్వు పిన్నీ, ఇప్పుడే. తిట్టుకో, ఏమైనా అనుకో, తాళాలు మాత్రం ఇచ్చెయ్.

ఆగస్టు 12, మధ్యాహ్నం

నీ చీటీ వెనకే రాస్తున్నాను, కాగితం వెతికే తీరిక లేదు.

ఎనిమిదింటికి మోసుకొచ్చారు అతన్ని. మంచం మీద నిలవకుండా కొట్టుకుంటున్నాడు. సూది నరంలో పెట్టాను. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుంది, మెల్లగా అక్కా, మెల్లగా అంది. నా జేబులో నీ ఉత్తరం ఉంది. చెయ్యి విదిలించి కొట్టాను. సగం మందు వెళ్ళేసరికి అతని నాడి నా వేళ్ళ కింద జారిపోయింది. అప్పుడు ఆపాను. ఆవిడ గుండె మీద నొక్కింది. నేను నిలబడి చూశాను. ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నాకేం చెయ్యాలో తెలీలేదు. నాడి మళ్ళీ దొరికింది. సన్నగా, తప్పుతూ కొట్టుకుంటోంది. కళ్ళు తెరవలేదు.

నీ ఐదు కార్డులకీ నాకు అనుమానం వచ్చింది. ప్రతిసారీ నా లెక్కే నిజం. ఇవాళ పొద్దున మాత్రం ఏ అనుమానమూ రాలేదు. తప్పు చేస్తుంటే లోపల ఏదో బెరుకు కొడుతుందని నమ్ముకున్నాను ఇన్నాళ్ళూ. ఏమీ కొట్టలేదే. చాలా ధైర్యంగా ఉన్నాను. ఇంకెప్పుడూ ఆ ధైర్యాన్ని నమ్మలేను. తాళాలు ఇచ్చేశాను. నీది సగం, నాది సగం అని పంచుకునే తప్పు కాదిది. ఇద్దరికీ మొత్తం మొత్తంగా వచ్చింది.

పొద్దుటి నుంచి కొండ మీద వేరే బండి లేదు, ఇదే లారీలో అతన్ని కిందికి పంపుతున్నాం, వెనక పరుపు వేసి పడుకోబెట్టాం. ఆవిడ ఇక్కడ ఉండాలి, పేలుడు వేళకి డిస్పెన్సరీలో ఒక నర్సు ఉండాల్సిందే. ఆ పనికి నేనిప్పుడు పనికిరాను. అతని పక్కన కూర్చోవడానికీ నా చేతిని నేను నమ్మను. నువ్వు గేటు దగ్గరే ఉన్నావుగా. ఎక్కు. ఊళ్ళో ఆసుపత్రికి గంటన్నర ప్రయాణం.

అతని కుడి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కూర్చో. నిమిషం నిమిషం లెక్కపెట్టి రాసుకుంటూ వెళ్ళు. దొరకలేదనిపిస్తే ఉందని అనుకోకు, వంగి గుండె మీద చెవి పెట్టి విను.